స్కీము ముగిసినా ముగియని లెక్కలు



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాసి ఇవ్వమని మన కార్యదర్శి గారు కోరారు. రాజుల చరిత్ర, ఉద్యమాల చరిత్ర వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను వ్యవసాయ శాఖలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాడిని. నా బల్ల మీదికి వచ్చిన ఫైళ్లలో ఎక్కువ భాగం పరిశోధనా స్కీముల పొడిగింపు ఫైళ్లే. "ఈ స్కీము వలన ఇంతవరకు కలిగిన ప్రయోజనమేమి? ఇంకెంతకాలం కొనసాగించవలెను?" అన్న రెండు ప్రశ్నలు లేని ఫైలు నేను చూడలేదు. అడగడం న్యాయమే. ప్రభుత్వ సొమ్ముకు లెక్క చెప్పాలి కదా! కానీ మార్చి 31 లోపల సమాధానం చెప్పమంటే చెప్పలేని పనులు కొన్ని ఉంటాయి.

అటువంటి మూడు పనుల చరిత్ర ఇక్కడ వ్రాస్తున్నాను. ఒకటి విశ్వం పుట్టుకకు సంబంధించినది, ఒకటి బెండకాయకు, ఒకటి నీటిపక్షుల మడుగుకు. వీటికి పొంతన ఏమిటని మీరు అడగవచ్చు. మూడూ మన దేశంలోనే, మనలాగే నెల జీతం మీద పనిచేసిన మనుషుల చేతుల మీదుగా జరిగాయి. మూడింటిలోనూ మొదటి జవాబుతో ఊరుకోకుండా మళ్లీ లెక్క చూసినప్పుడే అసలు సంగతి బయటపడింది.

ముందు కలకత్తా సంగతి. అక్కడ 1876లో డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ గారు స్థాపించిన సైన్స్ అసోసియేషన్ ఉన్నది. మన అకౌంట్స్ మిత్రులకు ఈ పేరు వినగానే సర్ సి.వి. రామన్ గుర్తుకు రావాలి. తండ్రిగారు విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు కావడం వలన ఆయన తొలి చదువు విశాఖలోనే సాగింది. 1907లో ఆర్థిక శాఖ ఉద్యోగిగా కలకత్తా వెళ్లి, ఆఫీసు వేళలకు ముందు, తరువాత ఈ అసోసియేషన్‌లో ప్రయోగాలు చేసుకునేవారు. రామన్ ఎఫెక్టును 1928లో కనిపెట్టింది అక్కడే.

అదే అసోసియేషన్‌లో 1945లో పరిశోధకుడిగా చేరిన అమల్ కుమార్ రాయ్‌చౌధురి గారికి మాత్రం కాలం అంతగా కలిసిరాలేదు. నాలుగేళ్లు ప్రయోగశాలలో గడిపినా ఫలితం రాలేదు. కొంతకాలం ఆశుతోష్ కళాశాలలో పాఠాలు చెబుతూ ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతాన్ని చాలావరకు సొంతంగా నేర్చుకున్నారు. 1952లో మళ్లీ అసోసియేషన్‌కు వచ్చారు. అక్కడ ఆయనకు అప్పగించిన పని లోహాల గుణాల మీద. జీతం లోహాలకు, ధ్యాస విశ్వం మీద! మన భాషలో చెప్పాలంటే, ఆయన చేసిన ముఖ్యమైన పని ఆయన డ్యూటీ చార్టులో లేదు.

ఆ పని ఏమిటో వీలైనంత తేలికగా చెబుతాను. విశ్వం వ్యాకోచించగలదని 1922లో రష్యా దేశస్థుడు ఫ్రీడ్‌మన్ లెక్కకట్టారు. దూరంగా ఉన్న నక్షత్ర మండలాలు నిజంగానే మన నుంచి దూరమవుతున్నాయని 1929లో అమెరికాలో హబుల్ చూపారు. మరి ఈ కదలికను వెనక్కి నడిపిస్తే? తిరునాళ్ల ముగిశాక జనం నలువైపులా వెళ్లిపోతారు. ఒక్కొక్కరినీ వచ్చిన దారినే వెనక్కి నడిపిస్తే అందరూ గుడి ముందు ధ్వజస్తంభం దగ్గరే కలుసుకోవాలి. అలాగే విశ్వంలోని పదార్థమంతా ఒకప్పుడు ఒక్కచోట ఇరుక్కుని ఉండాలి. అక్కడ సాంద్రతకు హద్దు లేదు, గణితం ఇక పనిచేయదు.

చాలామందికి ఇది మింగుడు పడలేదు. విశ్వం అన్ని వైపులా ఒకే తీరుగా ఉందనుకుని, దారులన్నీ తిన్నగా గీసుకున్నారు కనుక అలా వచ్చిందేమో అన్నారు. నిజమైన దారులు వంకరటింకరగా ఉంటే జనం ఒకరినొకరు తప్పుకుని పోవచ్చు కదా! రాయ్‌చౌధురి గారు పట్టుకున్నది ఈ ప్రశ్ననే. దారులు తిన్నగా ఉన్నాయన్న షరతు తీసివేసి లెక్క వేశారు. వంకరల వలన తప్పించుకోవడం జరగదని, పైగా అవి జనాన్ని ఇంకా దగ్గరకే తోస్తాయని తేలింది. గిరగిర తిరగడం ఒక్కటే దానికి ఎదురు నిలుస్తుంది. ఒడిసెలలో పెట్టి తిప్పిన రాయి బయటకు పోవాలని చూసినట్లన్నమాట. ఈ లెక్క 1955లో అమెరికాలోని ఫిజికల్ రివ్యూ పత్రికలో అచ్చయింది.

ఆ తరువాత పదేళ్లపాటు పెద్ద హడావుడి ఏమీ లేదు. ఆ పదేళ్లలో ఆ "స్కీము"ను ఎవరైనా సమీక్షించి ఉంటే, కలిగిన ప్రయోజనం అన్న గడిలో మనం ఏమి వ్రాసి ఉండేవారమో నాకు బాగా తెలుసు. 1961లో ఆయన ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యులై పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నారు. 1965లో ఇంగ్లండులో రోజర్ పెన్రోజ్, కూలిపోయే నక్షత్రానికి కూడా అటువంటి ముగింపు తప్పదని నిరూపించారు. వెంటనే స్టీఫెన్ హాకింగ్ ఆ పద్ధతిని విశ్వం ఆరంభానికి వర్తింపజేశారు. గిరగిర తిరగడం అనే చివరి చిక్కును వాళ్లు వేరే మార్గంలో దాటారు. కాబట్టి అంతా మన రాయ్‌చౌధురి గారే తేల్చారనడం అతిశయోక్తి అవుతుంది. కానీ ఆ నిరూపణల పునాదిలో ఆయన సమీకరణమే ఉన్నది, దానిని ప్రపంచమంతా ఆయన పేరుతోనే పిలుస్తున్నది. పెన్రోజ్‌కు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి రాయ్‌చౌధురి గారు కాలం చేసి 15 సంవత్సరాలు.

ఇక బెండకాయ. ఇది మా శాఖ సరుకు కనుక కాస్త చనువుగా వ్రాస్తాను.

బెండతోటకు పెద్ద శత్రువు పల్లాకు తెగులు. ఆకుల ఈనెలు పసుపు పచ్చని వలలాగా మారతాయి, తరువాత ఆకంతా పచ్చబడుతుంది, కాయలు పాలిపోయి గిడసబారి సంతలో ఎవరూ ముట్టుకోరు. బొంబాయి రాష్ట్రంలో ఈ తెగులును 1924లోనే గుర్తించి వ్రాశారు. తెల్లదోమ దీనిని మొక్క నుంచి మొక్కకు మోస్తుంది. పట్టిన మొక్కకు మందు లేదు.

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో హర్‌భజన్ సింగ్ గారు, ఆయన సహచరులు దేశం నలుమూలల నుంచి బెండ విత్తనాలు తెప్పించి, ఒక్కొక్కదానికి నంబరు వేసి, నాటి చూశారు. ఆ రిజిస్టరులో ఐ.సి. 1542 అనే నంబరు గల బెంగాల్ రకం ఒకటి ఉన్నది. వైరస్ సోకినా దాని ఆకు పచ్చబడేది కాదు. దానిని పూసా మఖ్మలీ అనే మంచి కాయ రకంతో సంకరం చేసి, తరం తరువాత తరం ఏరి, 1960 ప్రాంతంలో పూసా సావని విడుదల చేశారు. హిందీలో సావన్ అంటే శ్రావణ మాసం. తెగులు ఉధృతంగా ఉండేది వానకాలంలోనే. ఆ వానకాలంలో నిలబడి కాసిన ఈ రకం దేశమంతా పాకింది. మన వయసు వారు చిన్నప్పుడు, యౌవనంలో తిన్న బెండకాయ పులుసులో దీని వాటా తక్కువేమీ కాదు.

ఒక మాట. స్టాక్ రిజిస్టరులో నంబర్లు వేసే పని చేసిన మనబోటి వాళ్లకు ఐ.సి. 1542 అన్న మాట చూస్తే వేరే రకమైన సంతోషం కలుగుతుంది. ఎవరో ఒక గుమాస్తా ఆ ఎంట్రీ సరిగా వ్రాయకపోతే, విత్తనం పొట్లం మీద చీటీ ఊడిపోతే ఏమయ్యేది?

కథ అక్కడితో ముగియలేదు. తరువాతి దశాబ్దాలలో పూసా సావని కూడా తెగులుకు లొంగిపోయింది. నా సర్వీసులో ఒక కూరగాయల స్కీము ఫైలులో "సమస్య పరిష్కారమైనందున ఈ స్కీమును మూసివేయవచ్చును" అని ఒక పై అధికారి వ్రాసిన వాక్యం చదివాను. పొలంలో ఉన్న వైరస్‌కు ఆ ఫైలు సర్క్యులేట్ కాలేదు! శాస్త్రజ్ఞులు మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి సాగు బెండలో కాకుండా అడవి బెండ జాతులలో వెదికారు. వాటితో చిక్కేమంటే, సాగు బెండతో కలిపితే పుట్టిన మొక్కలు చాలావరకు గొడ్డుపోతాయి. మిగిలిన కొద్దిపాటిని మళ్లీ మళ్లీ మంచి రకంతో సంకరం చేస్తూ ఏళ్ల తరబడి దిద్దాలి. అలా దిద్దగా మరాఠ్వాడాలో పూసా సావని నుంచే 1985 నాటికి పర్భణీ క్రాంతి, బెంగళూరు దగ్గర హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ నుంచి అర్కా అనామిక వచ్చాయి. వాటికీ కొన్నిచోట్ల తెగులు తగులుతున్నది. పని సాగుతూనే ఉన్నది.

మూడవది రాజస్థాన్‌లోని భరత్‌పూర్ సంగతి. ఇందులో మనుషుల ప్రాణాలు కూడా ఉన్నాయి.

కేవలాదేవ్ ఘనా అనేది సుమారు 29 చదరపు కిలోమీటర్ల పల్లపు నేల. మధ్యలో శివాలయం ఉన్నది, పేరు అందువలనే. భరత్‌పూర్ రాజులు కాలువలు, కట్టలతో నీరు మళ్లించి దానిని బాతుల వేటకు వాడుకున్నారు. 1938లో వైస్రాయి లిన్‌లిత్‌గో దొరగారి బృందం ఒక్కరోజులో 4,273 పక్షులను కాల్చింది. స్వాతంత్ర్యం వచ్చాక అది పక్షుల రక్షిత స్థలమైంది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు, పక్షి శాస్త్రజ్ఞులు సలీం అలీ గారి పర్యవేక్షణలో, వేలాది పక్షుల కాళ్లకు నంబర్లు గల కడియాలు తొడిగి వదిలారు. ఎక్కడో దూరదేశంలో పక్షి దొరికితే బొంబాయికి తెలియజేయమని ఆ కడియం మీదే చెక్కి ఉండేది.

1980లో సొసైటీ వారు ఆ మడుగు మీద పదేళ్ల అధ్యయనం ప్రారంభించారు. నీటి లోతు, గడ్డి బరువు, చేపలు, పక్షులు, అన్నీ ఏటేటా కొలవడమే పని. ఇంతలో అది జాతీయ ఉద్యానమైంది. చట్టం ప్రకారం జాతీయ ఉద్యానంలో పశువుల మేత కూడదు. గేదెలు పక్షులకు చేటని ఆనాడు అందరూ అనుకున్నారు. ప్రకృతి ప్రేమికులూ, శాస్త్రజ్ఞులూ ఆ మాటే అన్నారు. 1982 నవంబరులో మేత నిషేధించారు. తరతరాలుగా అక్కడ గేదెలను మేపుకుంటున్న చుట్టుపక్కల గ్రామాల వారు తిరగబడ్డారు. పోలీసు కాల్పులు జరిగాయి. గ్రామస్థులు చనిపోయారు.

ఆ తరువాత కొలతలు ఏమి చెప్పాయి? గేదెలు లేని మడుగులో పాస్పాలమ్ అనే నీటిగడ్డి విపరీతంగా పెరిగింది. బాతులకు కావలసిన తెరపి నీరు తగ్గింది, చేపలకూ చోటు తగ్గింది. మడుగు మెల్లగా గడ్డిబీడుగా మారసాగింది. దానిని ఇన్నాళ్లూ మడుగుగా నిలిపినవి, చేటు అనుకున్న ఆ గేదెలే! డాక్టర్ వి.ఎస్. విజయన్ గారి బృందం 1991 నివేదికలో ఈ సంగతి నిర్మొహమాటంగా వ్రాసింది. సలీం అలీ గారు అది చూడలేదు, 1987లోనే కన్నుమూశారు.

నాకు ముఖ్యమనిపించే విషయం ఒకటి ఉన్నది. అధ్యయనం 1980లో మొదలైంది కనుక నిషేధానికి ముందటి రెండేళ్ల లెక్క వాళ్ల చేతిలో ఉన్నది. గొడవ జరిగాక కమిటీ వేసి లెక్క మొదలుపెట్టి ఉంటే పోల్చడానికి ఏమీ ఉండేది కాదు. ఇక రెండోది, తమ సంస్థ పెద్దలు నమ్మిన మాటకే విరుద్ధంగా లెక్క వచ్చినా దానిని దాచలేదు. మన ఆఫీసులలో అటువంటి నోటు పైకి పంపాలంటే ఎంత గుండె ధైర్యం కావాలో చెప్పనక్కరలేదు.

అయినా చట్టం చట్టమే. గేదెలు తిరిగి రాలేదు. గ్రామస్థులు లోపలికి వచ్చి గడ్డి కోసుకుని పోవడానికి మాత్రం తరువాత అనుమతి ఇచ్చారు. పోయిన ప్రాణాలకు ఏ నివేదికా పనికిరాదు. ఎగువన పాంచనా ఆనకట్ట కట్టాక మడుగుకు నీరు రావడమే కష్టమై, వేరే కాలువల నుంచి, చంబల్ నది నుంచి తేవలసి వచ్చింది. ఒకప్పుడు సైబీరియా నుంచి వచ్చే తెల్ల కొంగలకు భరత్‌పూర్ పెట్టింది పేరు. 2001-02 శీతకాలం తరువాత అవి రాలేదు. వాటి దారి పొడవునా, ఇతర దేశాలలో సాగిన వేట ఇందుకు ఒక ముఖ్య కారణం. దానిని గేదెల ఖాతాలో వేయకూడదు.

ఇదంతా చదివితే మన కొల్లేరు గుర్తుకు రాకుండా ఉండదు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి చేరి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోయే ఆ సరస్సును 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసార్ జాబితాలో చేర్చారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టించారు. ఆక్రమణల తగాదా, లంక గ్రామాల వారి బ్రతుకు తెరువు ప్రశ్న ఆ తరువాత కూడా తీరలేదు. అక్కడ అడ్డు గేదె కాదు, చేపల చెరువు. కనుక భరత్‌పూర్ జవాబును ఎత్తి కొల్లేరులో పెట్టడం కుదరదు. కొల్లేటి లెక్క కొల్లేటిలోనే వేయాలి.

1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా దేశాలలో నీటిపక్షుల గణన జరుగుతున్నది. మన దేశంలో దీనిని ఎక్కువగా స్వచ్ఛందంగా వచ్చేవారే చేస్తారు. జీతం లేదు, టి.ఏ. లేదు. కైకలూరు దగ్గర అటపాకలో గూడబాతులు పుష్కలంగా కనిపిస్తాయి కనుక కొత్తవారికి అది అనువైన చోటు. మా మనుమరాలు దుర్భిణీ పెట్టి లెక్కపెట్టి చెబుతుంది, నేను పుస్తకంలో వేసుకుంటాను. నా చేతివ్రాత ఇప్పటికీ బాగానే ఉన్నదని ఆమె అంటుంది. రాదలచిన సభ్యులు స్వెటరు, మంచినీళ్ల సీసా తెచ్చుకోవాలి. ఉదయం 6 గంటలకే గట్టు మీద ఉండాలి. ఎండ ఎక్కితే పక్షులు మేతకు పోతాయి, లెక్క కుదరదు.