చుక్కలు వేసిన చేతులు

మదురైలో తెలుగు ఆనవాళ్ళు చూపించమంటే అందరూ తిరుమల నాయకుడి మహలుకే తీసుకెళ్తారు. ఆంధ్రా నుంచి చుట్టాలొస్తే నేను అక్కడితో ఆపను, అణ్ణానగర్‌లోని అరవింద్ కంటి ఆసుపత్రి దాకా నడిపిస్తాను. మాది ఎట్టయపురం వైపు పల్లె. నాయకరాజుల కాలం నుంచీ తెలుగు కుటుంబాలు పత్తి, సజ్జ పండించుకుంటూ వస్తున్న నల్లరేగడి సీమ. ఆ సీమలోని వడమలాపురంలో 1918 అక్టోబరు 1న ఒక రైతు ఇంట ఆ ఆసుపత్రి స్థాపకుడు గోవిందప్ప వెంకటస్వామి పుట్టారు.

ఆయన కథ చాలామందికి తెలిసిందే. పలకలు లేని బడిలో ఇసుకలో అక్షరాలు దిద్దుకున్నారు. కాన్పు కష్టమై దగ్గరి బంధువులు చనిపోవడం చూసి, ప్రసూతి వైద్యుడు కావాలనుకున్నారు. కీళ్ళవాతం వేళ్ళను వంకర తిప్పేసరికి ఆ దారి మూసుకుపోయింది. కంటి వైద్యం చదివి, ఆ వేళ్ళతోనే కత్తి పట్టడం నేర్చుకుని, లక్షకు పైగా ఆపరేషన్లు చేశారు. సర్కారు కొలువులో రిటైరయ్యాక 1976లో, యాభై ఎనిమిదో ఏట, ఒక ఇంట్లో 11 మంచాలతో ఆసుపత్రి తెరిచి దానికి తన గురువు శ్రీ అరవిందుల పేరు పెట్టుకున్నారు. చెల్లెలు డాక్టర్ నాచ్చియార్, ఆమె భర్త డాక్టర్ నంపెరుమాళ్‌సామి మొదటి రోజుల నుంచీ ఆయన పక్కనే ఉన్నారు.

ఆ మహానుభావుడికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కానీ ఆ ఆసుపత్రి నిలబడింది సిస్టర్ల మీద. పల్లెల్లో పన్నెండో తరగతి చదివిన పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లలను తీసుకుని, సిస్టర్లుగా రెండేళ్ళు శిక్షణ ఇస్తారు. ఆ రెండేళ్ళూ స్టైపెండు ఇస్తారు. పై చదువు చదివించే తాహతు లేని ఇళ్ళ నుంచే ఎక్కువమంది వస్తారు. ఎంపికలో మార్కుల కంటే పిల్ల మనసు, ఓపిక, ఇంటి తీరు చూస్తారు. తల్లిదండ్రులతోనూ మాట్లాడతారు. ఆడపిల్లను పొలిమేర దాటించడానికే జంకే రోజుల్లో, ‘మా పిల్లకు అక్కడ భయం లేదు’ అని కన్నవాళ్ళు నమ్మడం మాటలు కాదు. ఆ నమ్మకం పిల్లలుండే హాస్టలు వల్ల వచ్చింది. శిక్షణ బాధ్యత తలకెత్తుకున్న నాచ్చియార్ గారి వల్ల వచ్చింది.

చూపు కొలిచేది వీళ్ళే, కంటి ఒత్తిడి చూసేది వీళ్ళే, ఆపరేషనంటే బెదిరిపోయే ముసలివాళ్ళను కూర్చోబెట్టి నచ్చజెప్పేదీ వీళ్ళే. ఆపరేషన్ గదిలో డాక్టరుకు రెండు బల్లలు ఉంటాయి. ఒక బల్ల మీద ఆపరేషన్ నడుస్తుండగా రెండో బల్ల మీద మరో మనిషిని సిద్ధం చేసి ఉంచుతారు. ఇది ముగిసిందంటే మైక్రోస్కోపు అటు తిప్పడమే ఆలస్యం. అక్కడ ఒక్కో డాక్టరు ఏడాదికి 2,000 పైచిలుకు ఆపరేషన్లు చేయగలగడానికి మూలం ఇదే. డబ్బు ఇవ్వలేనివాళ్ళకు ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో చూపు దక్కడానికీ ఈ పద్ధతి తోడ్పడుతోంది.

మా అవ్వకు శుక్లాలు తీసిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఆపరేషన్ చేయాల్సిన కంటి పైన, నుదుటి మీద ఒక సిస్టరు చిన్న ప్లాస్టరు ముక్క అంటించింది, పొరపాటున రెండో కంటికి చేయకుండా. కాసేపటికొకసారి వచ్చి చుక్కలు వేసి, కారిన నీళ్ళు దూదితో తుడిచింది. అవ్వ అలవాటు కొద్దీ తెలుగులోనే అడిగింది, ‘ఏ ఊరు తల్లీ నీది?’ అని. అంతవరకూ తమిళంలో మాట్లాడిన పిల్ల, ‘సాత్తూరు పక్కన, అవ్వా. కదలకుండా ఉండాల, సరేనా?’ అంది. అవ్వ పిడికిలి సడలింది. ధైర్యం చెప్పడానికి నేను పొద్దుటి నుంచీ పడ్డ పాట్లన్నీ ఆ ఒక్క మాట ముందు దిగదుడుపే.

పనే సాధన అన్న అరవిందుల మాటను వెంకటస్వామి గారు డాక్టర్లకే పరిమితం చేయలేదు. ఊరి పిల్లల చేతికి అంత పెద్ద పని అప్పగించి, చేయగలరని నమ్మారు. సిబ్బందికి చేసే గౌరవమంటే ముందుగా అదేనని నా ఉద్దేశం. శాలువాలూ పూలదండలూ ఏడాదికోసారి ఎవరైనా కప్పుతారు. కానీ సిస్టర్లకు నియమాలు గట్టివి, పని భారం ఎక్కువ. పెళ్ళి కాగానే చాలామంది మానేస్తారు. అలా వెళ్ళినవాళ్ళ నైపుణ్యం ఇంటి గడప లోపలే ఉండిపోవడం నాకు బాధగా ఉంటుంది. నిలిచినవాళ్ళలో కొందరు ఎదిగి, కొత్తగా వచ్చే పిల్లలకు తామే పాఠం చెబుతున్నారు.

వెంకటస్వామి గారు 2006 జులై 7న కన్నుమూశారు. 1997లో కోయంబత్తూరుకు వెళ్ళిన ఆసుపత్రి, 2019లో తిరుపతికీ చేరింది. ఆయన మీద పుస్తకాలు వచ్చాయి, ఇంకా వస్తాయి. మొదటి బ్యాచీల సిస్టర్లకు ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ పల్లెల్లో వాళ్ళు మనవలను ఎత్తుకుని కూర్చుని ఉంటారు. మదురై, కోయంబత్తూరుల్లోని తెలుగు సంఘాలకు నా విన్నపం ఒక్కటే: ఉగాది సభకు ఈసారి వాళ్ళను పిలవండి. మైకు వాళ్ళ చేతికివ్వండి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టండి.