అందరి ఒడ్డున ఆగిన ఓడ

అమెరికా పడమటి తీరంలో కొలంబియా నది సముద్రంలో కలిసే చోటును నావికులు ‘పసిఫిక్ శ్మశానం’ అంటారు. 1792లో రాబర్ట్ గ్రే అనే కెప్టెన్ తన ఓడను ఈ మొగలోంచి లోపలికి తెచ్చి, నదికి ఆ ఓడ పేరే పెట్టాడు. అది మొదలు ఇప్పటిదాకా ఈ చుట్టుపక్కల చిన్నా పెద్దా కలిపి సుమారు 2 వేల నౌకలు దెబ్బతిన్నాయని లెక్క చెబుతారు. చాలా వాటికి ఆనవాలు కూడా మిగల్లేదు. అడుగున పడినవి అడుగునే ఉండిపోయాయి, ఒడ్డుకు చేరినవి ఇసుకలో కలిసిపోయాయి. నూరేళ్లు దాటినా మనిషి నడిచి వెళ్లి చేత్తో తాకేలా నిలబడి ఉన్నది పీటర్ ఐరెడేల్.

ఆరెగాన్ రాష్ట్రపు వాయవ్య మూలన, వారెంటన్ ఊరి పక్కన ఫోర్ట్ స్టీవెన్స్ స్టేట్ పార్క్ ఉంది. అందులో క్లాట్సప్ తీరాన ఉంది ఈ ఓడ. పోర్ట్‌లాండ్ నుంచి కారులో రెండు గంటల దారి. ఆ నగరం పక్కనున్న హిల్స్‌బరో, బీవర్టన్‌లలో చిప్‌ల కంపెనీల్లోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ పనిచేసే మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు సముద్రం చూపించడానికి ఈ వైపు బయల్దేరతారు. ఇసుక దిబ్బ దాటగానే ఓడ ఎదురవుతుంది. అది ఎలా వచ్చింది, ఎందుకు పోలేదు అన్న కథ తెలిసి చూస్తే ఆ చూపే వేరుగా ఉంటుంది.

ముందు ఆ మొగ సంగతి చెప్పాలి. నది తెచ్చే ఇసుకను సముద్రపు అలలు వెనక్కి నెడతాయి. రెండూ తోసుకునే చోట నీళ్ల కింద ఇసుక మేట వేస్తుంది. పాటు వేళ నది జోరుగా బయటికి దూకుతుంటే, ఎదురుగా పసిఫిక్ అల లేస్తుంది. అక్కడ అలలు నిటారుగా లేచి విరుగుతాయి. గోదావరి మొగల దగ్గర పడవ నడిపినవాళ్లకు మేటల బెడద కొత్త కాదు గానీ, ఇక్కడ నది పొడవు 2 వేల కిలోమీటర్లు, ఎదురున్నది పసిఫిక్. ఈనాటికీ పెద్ద ఓడలు ఈ మేట దాటాలంటే ఆ దారి క్షుణ్ణంగా తెలిసిన స్థానిక పైలట్ ఓడెక్కాల్సిందే. 1906లోనూ అంతే. ఆ పైలట్ కోసం ఎదురుచూస్తూనే పీటర్ ఐరెడేల్ ఒడ్డెక్కింది.

ఈ ఓడను 1890లో ఇంగ్లండ్‌లోని మేరీపోర్ట్‌లో కట్టారు. ఇనుప చట్రానికి ఉక్కు రేకులు బిగించిన నాలుగు స్తంభాల తెరచాప ఓడ. పొడవు 285 అడుగులు. లివర్‌పూల్‌కు చెందిన యజమాని తన పేరే దానికి పెట్టుకున్నాడు. అప్పటికే ఆవిరి ఓడలు సముద్రాన్ని ఏలుతున్నాయి. అయినా గోధుమల్లాంటి సరుకుకు తెరచాప ఓడలు ఇంకా గిట్టుబాటుగానే ఉండేవి. బొగ్గు ఖర్చు లేదు, గాలికి కిరాయి లేదు, తొందర లేని సరుకు నెలల తరబడి సాగినా నష్టం లేదు. పోర్ట్‌లాండ్ గోధుమలు బ్రిటన్‌కు అలాగే వెళ్లేవి. పీటర్ ఐరెడేల్ కూడా గోధుమలు ఎత్తుకోవడానికే వస్తోంది. 1906 సెప్టెంబరు 26న మెక్సికోలోని సలీనా క్రూజ్ నుంచి బయల్దేరింది. సరుకు లేదు, బరువు కోసం వేసిన వెయ్యి టన్నుల బాలస్ట్ ఉంది. దొంగచాటుగా ఎక్కిన ఇద్దరితో కలిపి ఓడలో 27 మంది.

అక్టోబరు 25 తెల్లవారుజామున కెప్టెన్ హెచ్. లారెన్స్‌కు టిలముక్ రాక్ దీపస్తంభం వెలుగు కనిపించింది. దిక్కు తెలిసింది, మొగ దగ్గర్లోనే ఉంది. ఇక పైలట్ రావడమే తరువాయి. మంచు, గాలి, దానికి తోడు ఒడ్డు వైపు లాగే ప్రవాహం. సరుకు లేని ఓడ నీటి పైకి తేలి ఉంటుంది, గాలికి తేలిగ్గా దొరుకుతుంది. ఓడను వెనక్కి తిప్పాలని చూశారు. తిరిగేలోపే విరిగే అలల్లోకి వెళ్లిపోయింది. నేల తగిలిన దెబ్బకు మూడు స్తంభాలు విరిగాయి. పైనుంచి కొయ్యలు, తాళ్లు కూలుతున్నా ఒక్కరికీ ప్రాణం మీదికి రాలేదు. పాయింట్ ఆడమ్స్ రక్షక కేంద్రం పడవ అలలకు ఎదురు వెళ్లి అందరినీ ఒడ్డుకు చేర్చింది. ఆ తెల్లవారుజామున తెడ్లు వేసినవాళ్ల పేర్లు చాలామంది పర్యాటకులకు తెలియవు. నా దృష్టిలో ఈ కథలో మొదట చెప్పుకోవలసింది వాళ్లనే.

ఓడ దిగాక లారెన్స్ దానివైపు తిరిగి సెల్యూట్ చేశాడనీ, నీ ఎముకలు ఈ ఇసుకలోనే తెల్లబడాలని దీవించాడనీ, తన మనుషులకు విస్కీ సీసా అందించాడనీ అక్కడ చెప్పుకుంటారు. కథే కావచ్చు, నిజమే కావచ్చు. నవంబరులో దగ్గర్లోని అస్టోరియా పట్టణంలో బ్రిటిష్ వైస్ కాన్సుల్ ఆధ్వర్యాన జరిగిన విచారణ మాత్రం రికార్డుల్లో ఉంది. కెప్టెన్‌దీ అధికారులదీ తప్పు లేదని, ఓడను కాపాడటానికి చేయగలిగిందంతా చేశారని అది తేల్చింది.

మొదట్లో ఓడకు పెద్ద గాయమేమీ లేదు. సముద్రం అనుకూలిస్తే లాగేద్దామనుకున్నారు. వారాలు గడిచాయి, వాతావరణం కలిసిరాలేదు, ఓడ ఓ పక్కకు ఒరిగి ఇసుకలో దిగబడిపోయింది. ఆఖరికి తుక్కు కింద అమ్మేశారు. కొన్నవాళ్లు వీలైనంత కోసుకుపోగా మిగిలిందే ఇప్పుడు చూస్తున్నది. ఈలోగా జనం రావడం మొదలైంది. ఒడ్డెక్కిన ఓడను చూడాలన్న ఆత్రం ఎక్కడైనా ఒకటే. 2020 అక్టోబరులో వాయుగుండానికి కొట్టుకొచ్చి విశాఖ తెన్నేటి పార్కు దగ్గర ఆగిన బంగ్లాదేశ్ ఓడ ఎం.వి. మా దగ్గరికి ఎంతమంది వెళ్లారో విశాఖ వాసులకు గుర్తుండే ఉంటుంది.

పీటర్ ఐరెడేల్ యుద్ధం కూడా చూసింది. 1942 జూన్ 21 రాత్రి ఐ-25 అనే జపాన్ జలాంతర్గామి నీటి పైకి వచ్చి, అప్పట్లో సైనిక కోటగా ఉన్న ఫోర్ట్ స్టీవెన్స్ మీద 17 గుండ్లు పేల్చింది. తిరిగి కాల్చవద్దని కోట అధికారి ఆజ్ఞాపించాడు. కాలిస్తే ఫిరంగుల స్థానం శత్రువుకు తెలిసిపోతుందన్నది ఒక లెక్క. నష్టం పెద్దగా లేదు. ఆ తర్వాత దాడి భయంతో తీరం పొడవునా ముళ్లకంచె వేశారు. ఆ కంచె ఓడను కూడా చుట్టేసింది. కొన్నాళ్లపాటు జనానికి ఆ ఒడ్డు మూతపడింది.

ఒడ్డు మూతపడటం, తెరుచుకోవడం అన్నమాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. ఈ ఓడ దగ్గరికి ఎవరైనా వెళ్లగలగడం దానంతటది జరిగింది కాదు. ఆరెగాన్ తీరం పొడవు సుమారు 580 కిలోమీటర్లు. 1913లో గవర్నర్ ఆస్వాల్డ్ వెస్ట్ ఆ తీరాన్నంతా ప్రజా రహదారిగా ప్రకటించే చట్టం తెచ్చాడు. రోడ్లు సరిగా లేని ఆ రోజుల్లో జనం తీరం వెంటే బళ్లు తోలుకెళ్లేవారు, అందుకే ఆ మాట ఎవరికీ వింతగా అనిపించలేదు. అయితే చట్టం అలలు తడిపే ఇసుక వరకే. పైన ఉండే పొడి ఇసుక ఎవరిదన్నది తేలలేదు. 1966లో కానన్ బీచ్‌లో ఓ మోటల్ యజమాని తన ముందున్న పొడి ఇసుకను అతిథులకే పరిమితం చేస్తూ అడ్డు పెట్టాడు. గొడవ రాజధానికి చేరింది. తీరంలో ఆస్తులున్నవాళ్లు ఒకవైపు, మామూలు జనం మరోవైపు. గవర్నర్ టామ్ మెకాల్ 1967లో సర్వేయర్లతో హెలికాప్టర్‌లో తీరానికి దిగి, హద్దు ఎక్కడ ఉండాలో కొలిపించి చూపించాడు. ఆ ఏడాది జులైలో బీచ్ బిల్లు చట్టమైంది. మొక్కలు మొలిచే గీత దాకా, పొడి ఇసుక మీద కూడా నడిచే హక్కు జనానికి దక్కింది.

ఆ హక్కే లేకపోతే తీరంలోని ఏ మంచి చోటైనా ఏదో ఒక రిసార్టు గోడల వెనక ఉండిపోయేది. ఓడను ఉప్పుగాలి నుంచి ఎవరూ కాపాడలేదు, ఒడ్డును మాత్రం జనం కాపాడుకున్నారు. నాకు ఇందులో గొప్పగా తోచేది అదే.

పాటు వేళ దగ్గరికి వెళ్తే ముందు అణియం కనిపిస్తుంది. దాని వెనక ఇసుకలోంచి లేచిన ఇనుప పక్కటెముకలు, స్తంభాల మొదళ్లు. దగ్గరగా చూస్తే ఉక్కు పొరలు పొరలుగా విచ్చుకుని ఉంటుంది, గోటితో గీస్తే ముదురు గోధుమరంగు పొడి రాలుతుంది. రివెట్లు ఊడిన చోట వరసగా గుండ్రటి కన్నాలు. నీళ్లు అందే ఎత్తు దాకా ఆల్చిప్పలు, గవ్వపురుగులు గుత్తులుగా అతుక్కుని ఉంటాయి. ఆ ఎత్తును బట్టే పోటుకు నీళ్లు ఎంతవరకు వస్తాయో చెప్పొచ్చు. చలికాలపు తుపాన్లు ఇసుక కోసుకుపోయినప్పుడు ఓడ ఎక్కువ బయటపడుతుంది, వేసవిలో ఇసుక మళ్లీ చేరి కొంత కప్పేస్తుంది. ఒకసారి చూసినవాళ్లు మరో రుతువులో వెళ్తే అదే ఓడ వేరే ఆకారంలో కనిపిస్తుంది. మొత్తం మీద ఏటికేడు తగ్గుతూనే ఉంది. 285 అడుగుల ఓడలో ఇప్పుడు మిగిలింది ముందుభాగం, కొన్ని ఎముకలే.

వెళ్లేవాళ్లు ముందురోజే ఆటుపోట్ల పట్టిక చూసుకోండి. పాటుకు గంట ముందు చేరుకుంటే చుట్టూ తిరిగి చూడటానికి కావలసినంత సమయం ఉంటుంది. ఆ తీరంలో చెప్పాపెట్టకుండా ఒక్కో అల మిగతావాటికంటే చాలా పైకి వచ్చేస్తుంది, పిల్లలున్నవాళ్లు సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగవద్దు. ఇనుము అంచులు పదును, పైకి ఎక్కించవద్దు. గుర్తు కోసమని తుప్పు పెచ్చు కూడా ఊడబీకి తెచ్చుకోవద్దు. మన తర్వాత వచ్చేవాళ్లకు మిగిలేది అంతే.