నూలు చొక్కాల సంరక్షణ

నూలు చొక్కాల సంరక్షణ అనగా రోజువారీగా ధరించే నూలు చొక్కాలు ఎక్కువ కాలం మన్నేలా వాటిని ఉతకడం, ఆరవేయడం, ఇస్త్రీ చేయడం, భద్రపరచడంలో పాటించే పద్ధతులు. తెలంగాణలో చొక్కాను అంగి అని కూడా వ్యవహరిస్తారు. ఒంటిమీద ఉన్నప్పుడు కలిగే అరుగుదలతో పాటు ఉతుకులో కలిగే రాపిడి, క్షారం, వేడి, ఎండ చొక్కా ఆయుష్షును నిర్ణయిస్తాయి. ధరించడం మానలేము కాని ఉతికే తీరును మార్చుకోవచ్చు కనుక సంరక్షణలో ఉతుకే ప్రధానమైనది.

నూలు పోగు స్వభావం

నూలు పోగు ప్రధానంగా సెల్యులోజుతో నిర్మితమైనది. ఉతుకుకు సంబంధించి దీనికి కొన్ని ముఖ్య లక్షణాలు ఉన్నాయి.

* తడిసినప్పుడు నూలు పోగు బలం తగ్గదు, కొంత పెరుగుతుంది. రేయాన్ వస్త్రం దీనికి భిన్నంగా తడిసినప్పుడు చాలా బలహీనపడుతుంది. నూలు వస్త్రం బండ మీద బాదినా తట్టుకొనడానికి ఇదే కారణం.
* సబ్బు, చాకలి సోడా వంటి క్షారాలను నూలు బాగా తట్టుకుంటుంది. ఆమ్లాలు మాత్రం దానిని బలహీనపరుస్తాయి.
* క్లోరిన్ కలిగిన తెల్లదనపు ద్రావణాలు సెల్యులోజును ఆక్సీకరణం చెందిస్తాయి. వీటిని తరచుగా వాడితే వస్త్రం పైకి తెల్లగా కనిపిస్తూనే లోలోపల పెళుసెక్కి, ఒకనాడు పిండుతుండగా చిరుగుతుంది.
* నేత సమయంలో లాగి పట్టిన పోగులు నీటిలో తడవగానే సడలి తమ సహజ స్థితికి వస్తాయి. కొత్త చొక్కా మొదటి ఉతుకులో కుదించుకుపోవడానికి ఇది కారణం. అల్లిక బట్టతో కుట్టిన టీ షర్టులలో ఈ కుదింపు నేత బట్ట కంటే ఎక్కువ.

కుదింపును మిల్లులోనే ముందుగా జరిపించే యాంత్రిక పద్ధతిని అమెరికాకు చెందిన శాన్‌ఫర్డ్ క్లూయెట్ 1930 ప్రాంతంలో రూపొందించాడు. అతని పేరు మీదనే దీనికి శాన్‌ఫరైజేషన్ అను పేరు వచ్చింది. ఈ ప్రక్రియ జరగని చేనేత, ఖాదీ బట్టను కుట్టించే ముందు ఒక రాత్రి నీటిలో నానబెట్టి ఆరవేయడం మంచిది. పొందూరు ఖాదీ, మంగళగిరి నూలు బట్టతో చొక్కాలు కుట్టించుకొనేవారు ఈ జాగ్రత్త తీసుకోకపోతే మెడ, చేతుల కొలతలు మారిపోతాయి.

చాకిరేవు పద్ధతి

సబ్బులు రాక పూర్వం తెలుగు ప్రాంతాలలో బట్టలు ఉతకడం రజకుల కులవృత్తిగా ఉండేది. చౌడు నేలలపై తెల్లగా పేరుకొనే మట్టిని సేకరించి, నీటిలో కలిపి, తేరిన నీటిలో బట్టలను ముంచేవారు. ఈ చౌడులో ప్రధానంగా సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు లవణాలు ఉంటాయి. తరువాత పొయ్యి మీది బానలో నీరు కాచి, దాని పైన బట్టలను పేర్చి ఆవిరి పట్టేవారు. దీనిని ఉబ్బ వేయడం అంటారు. ఆవిరికి మురికి, జిడ్డు వదిలిన బట్టలను రేవుకు తీసుకొనిపోయి బండ మీద ఉతికి, పారే నీటిలో జాడించి, ఇసుక తిన్నెల మీద ఎండలో ఆరవేసేవారు. ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి నల్లజీడి గింజల రసంతో చెరగని గుర్తులు వేసేవారు. సున్నితమైన వస్త్రాలకు కుంకుడు కాయల నురుగును వాడేవారు. కుంకుడులోని సాపోనిన్లు జిడ్డును వదిలిస్తాయి.

ఈ పద్ధతి ముతక నూలుతో నేసిన తెల్లని పంచెలు, దుప్పట్లు, చీరలకు తగినది. వాటికి కాలరు, గుండీలు, అతుకుల మధ్య గట్టి గుడ్డ ఉండవు. రంగు చొక్కాకు అదే బండను, అదే ఉబ్బను, అదే మిట్టమధ్యాహ్నపు ఎండను వర్తింపజేసినప్పుడు గుండీలు పగలడం, కాలరు అంచు పీచులు లేవడం, రంగు వెలిసిపోవడం జరుగుతాయి. రజకుల నైపుణ్యం ఏ బట్టకు ఏ పద్ధతి తగునో గుర్తించడంలో ఉండేది. చొక్కాలు ఇళ్ళలోనే ఉతకడం మొదలైన తరువాత ఈ వివేచన చాలావరకు కనుమరుగైంది.

సబ్బులు, పొడులు

సన్‌లైట్ సబ్బు 1888లో భారతదేశానికి వచ్చింది. సర్ఫ్ పొడి 1959లోను, రిన్ బిళ్ళ 1969లోను విపణిలో ప్రవేశించాయి. 1969లోనే అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ తక్కువ ధరకు నిర్మా పొడి తయారీ ప్రారంభించాడు. ఇటువంటి చౌక పొడుల వలన డిటర్జెంట్ల వాడకం సామాన్యుల ఇళ్ళకు కూడా చేరింది.

పొడి ఎక్కువ వేస్తే ఎక్కువ మురికి పోతుందనే అభిప్రాయం సరికాదు. అవసరానికి మించిన పొడి సరిగా జాడింపుకు రాక పోగుల మధ్య మిగిలిపోతుంది. అటువంటి చొక్కా ఆరిన తరువాత బిరుసుగా ఉంటుంది, త్వరగా మాసిపోతుంది, చెమట పట్టినప్పుడు చర్మానికి దురద కలిగించవచ్చు. ఎంజైములు కలిపిన పొడులకు పని చేయడానికి సమయం కావాలి కనుక వాటిలో అరగంట నానబెట్టడం రుద్దడం కంటే మేలు.

నీటి స్వభావం

కామారెడ్డి జిల్లా బాన్సువాడ ప్రాంతానికి చెందిన మహమ్మద్ నగర్ నిజాంసాగర్ జలాశయానికి చేరువలో ఉన్నది. మంజీరా నదిపై 1923లో నిర్మాణం మొదలై 1931లో పూర్తయిన ఈ జలాశయం కాలువల ద్వారా బాన్సువాడ, బోధన్ ప్రాంతాల పొలాలకు నీరందిస్తుంది. ఇటువంటి ఆయకట్టు గ్రామాలలో కాలువ నీరు, బోరు నీరు రెండూ వాడుకలో ఉండడం వలన నీటిని బట్టి ఉతుకు ఎలా మారాలో తెలుసుకోవడం అవసరం.

సాధారణంగా నది, చెరువు నీటి కంటే బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటాయి. ఈ కఠిన జలంలో సబ్బు నురుగు రాదు. సబ్బు ఆ లవణాలతో కలిసి తెల్లని తెట్టుగా మారి బట్టకు అంటుకుంటుంది. తెల్ల చొక్కాలు కొద్ది నెలలలోనే బూడిద రంగుకు తిరగడానికి ఇది ఒక కారణం. డిటర్జెంట్ పొడులు కఠిన జలంలో సబ్బు కంటే మెరుగుగా పనిచేస్తాయి. సబ్బునే వాడదలచినవారు ముందుగా నీటిలో కొద్దిగా చాకలి సోడా కలిపితే కాఠిన్యం తగ్గుతుంది.

కాలువ నీరు, చెరువు నీరు మృదువుగా ఉన్నా వానాకాలంలో వండ్రుతో ఎర్రబారి ఉంటాయి. అటువంటి నీటిని పాత్రలో పట్టి, ఒక రాత్రి నిలువనిచ్చి, తేరిన పైనీటితో జాడించడం ఉత్తమం. ఇంటింటికి నల్లా నీరు ఇచ్చే మిషన్ భగీరథ పథకం 2016లో ప్రారంభమైంది. శుద్ధి చేసిన నది నీరు అందే ఇళ్ళలో చివరి జాడింపుకైనా ఆ నీటిని వాడితే బట్టలో లవణాలు మిగలవు.

ఉతికే విధానం

1. తెల్లవి, లేత రంగులవి, ముదురు రంగులవి వేరు చేయాలి. కొత్త చొక్కా రంగు దిగుతుందా లేదా తెలియాలంటే లోపలి అంచును తడిపి తెల్ల గుడ్డతో అదిమి చూడాలి.
2. గుండీలు విప్పి, జేబులు ఖాళీ చేసి, చొక్కాను లోపలివైపు పైకి వచ్చేలా తిరగేయాలి. రాపిడి అంతా లోపలివైపు పడుతుంది కనుక పైరంగు నిలుస్తుంది.
3. మెడపట్టీకి, చేతుల చివరలకు కొద్దిగా సబ్బు రాసి పది నిమిషాలు ఉంచాలి. అక్కడ పేరుకొనేది చర్మపు జిడ్డు. గట్టి బ్రష్‌తో రుద్దితే మడత వద్ద పోగులు తెగుతాయి. మెత్తని బ్రష్ లేదా చేతివేళ్ళు చాలును.
4. గోరువెచ్చని నీటిలో ఇరవై నిమిషాల నుండి అరగంట వరకు నానబెట్టాలి. రాత్రంతా పొడి నీటిలో ఉంచితే వదిలిన మురికి, రంగు తిరిగి బట్టకు పట్టే అవకాశం ఉన్నది. రంగు చొక్కాలకు 30 నుండి 40 డిగ్రీల సెల్సియస్ వేడి చాలును. తెలుగు ప్రాంతాలలో వేసవిలో మామూలు నీరే ఈ వేడికి దగ్గరగా ఉంటుంది కనుక ప్రత్యేకంగా కాచవలసిన పని లేదు.
5. నురుగు పోయేవరకు రెండు మూడు నీళ్ళలో జాడించాలి.
6. తాడులా మెలిపెట్టి పిండకూడదు. మడిచి రెండు చేతులతో అదిమితే అతుకులు వంకర పోవు.

యంత్రంలో వేసేటప్పుడు పీపాను కుక్కి నింపకూడదు. ముందునుండి బట్టలు వేసే యంత్రంలో బట్టలు పైకి లేచి కిందకు పడతాయి. మధ్యలో కడ్డీ తిరిగే పైమూత యంత్రం కంటే ఇందులో రాపిడి తక్కువ. యంత్రపు జాలిలో ప్రతిసారి చేరే నూగు చొక్కాల నుండి రాలిన పోగులే. నూగు ఎక్కువగా కనిపిస్తే ఉతుకు తీవ్రత తగ్గించాలని గ్రహించవలెను.

కొత్త చొక్కాను ఉప్పునీటిలో నానబెడితే రంగు శాశ్వతంగా నిలుస్తుందనే నమ్మకం ప్రచారంలో ఉన్నది. అద్దకం సమయంలో ఉప్పు రంగును బట్టలోనికి చేర్చడానికి తోడ్పడుతుంది కాని, అద్దకం పూర్తయిన బట్టలోని వదులు రంగును అది శాశ్వతంగా పట్టి ఉంచలేదు. 1956లో విపణిలోకి వచ్చిన రియాక్టివ్ రంగులు సెల్యులోజుతో రసాయనిక బంధం ఏర్పరుస్తాయి. వాటితో సరిగా అద్దిన చొక్కాకు ఉప్పునీటి అవసరమే ఉండదు.

మరకలు

* పసుపు: కూర మరకపై సబ్బు రాయగానే అది ఎర్రగా మారుతుంది. పసుపులోని కుర్కుమిన్ క్షారంలో రంగు మారడమే దీనికి కారణం. జాడించగానే తిరిగి పసుపుపచ్చగా అవుతుంది. కుర్కుమిన్ వెలుతురుకు నశిస్తుంది కనుక ఉతికి ఎండలో ఆరవేస్తే మరక చాలావరకు వెలిసిపోతుంది.
* నెత్తురు: చన్నీటిలోనే నానబెట్టాలి. వేడినీరు పోస్తే అందులోని మాంసకృత్తులు గడ్డకట్టి మరక నిలిచిపోతుంది.
* బురద: వరి నాట్ల కాలంలో అంటే బురదను పచ్చిగా ఉన్నప్పుడు రుద్దితే పోగులలోనికి దిగుతుంది. ఆరనిచ్చి దులిపిన తరువాత ఉతకాలి.
* ఇనుప తుప్పు: క్లోరిన్ ద్రావణం వేస్తే ఈ మరక ఇంకా ముదురుతుంది. నిమ్మరసం రాసి కొంతసేపటికి బాగా కడగాలి. ఆమ్లం బట్టలో మిగిలితే పోగులు దెబ్బతింటాయి.
* నూనె: ఉతకడానికి ముందే మరకపై డిటర్జెంట్ నేరుగా రాయాలి. నూనె పోకుండా ఇస్త్రీ చేస్తే మరక స్థిరపడుతుంది.

ఆరవేయుట

ఎండ క్రిములను తగ్గిస్తుంది, తెల్ల బట్టను మరింత తెల్లబరుస్తుంది. అదే ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగులను విడగొట్టి, కాలక్రమంలో పోగులను బలహీనపరుస్తాయి. కనుక తెల్ల చొక్కాలను ఎండలోను, రంగు చొక్కాలను గాలి తగిలే నీడలోను, తిరగేసి ఆరవేయాలి. వేసవిలో పలుచని చొక్కా ఆరడానికి గంట కూడా పట్టదు. ఆరిన తరువాత సాయంత్రం వరకు దండెం మీదనే వదిలివేయడం వలన రంగుకు అనవసరంగా నష్టం కలుగుతుంది.

దండేనికి ఇనుప తీగ కట్టితే తుప్పు మరక పడుతుంది. నైలాన్ తాడు లేదా ప్లాస్టిక్ పూత ఉన్న తీగ మేలైనది. ఆరవేసే ముందు చొక్కాను ఒకసారి గట్టిగా దులిపి, కాలరును, ముందు పట్టీని చేతితో సాగదీసి సరిచేస్తే ఇస్త్రీ పని సగం తగ్గుతుంది. క్లిప్పులను భుజాల వద్ద కాక కింది అంచుకు పెట్టాలి. టీ షర్టులను తడిగా కొక్కెపు కర్రకు తగిలిస్తే నీటి బరువుకు సాగిపోతాయి. వాటిని దండెంపై సగానికి మడిచి వేయాలి.

వానాకాలంలో ఎక్కువసేపు తడిగా ఉన్న బట్టలకు వచ్చే ముక్క వాసనకు మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ వంటి బాక్టీరియా కారణం. చొక్కాల మధ్య ఎడం ఉంచి, పంకా గాలి తగిలేలా చేస్తే ఈ వాసన రాదు.

గంజి, నీలిమందు, ఇస్త్రీ

అన్నం వార్చిన గంజిని వడగట్టి, నీటితో పలుచన చేసి, తెల్ల చొక్కాలకు పెట్టడం పాత ఆచారం. గంజి పోగులపై పొరగా ఏర్పడి మురికిని లోపలికి పోనీయదు. తరువాతి ఉతుకులో ఆ పొరతో పాటే మురికి వదులుతుంది. అయితే గంజి పెట్టిన బట్టను నెలల తరబడి మడిచి ఉంచితే మడత వద్ద చిట్లుతుంది, బూజు, పురుగు పడుతుంది. నీలిమందు మురికిని తొలగించదు. పసుపు ఛాయను కప్పి కంటికి తెల్లగా కనిపించేలా చేస్తుంది.

ఇస్త్రీకి నూలు 200 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. పాలియెస్టర్ కలిసిన చొక్కాకు అంత వేడి తగదు. చొక్కా లోపలి చీటీపై ఇస్త్రీ పెట్టె బొమ్మలో మూడు చుక్కలు 200, రెండు చుక్కలు 150, ఒక చుక్క 110 డిగ్రీల గరిష్ఠ వేడిని సూచిస్తాయి. చొక్కా కొద్దిగా చెమ్మగా ఉన్నప్పుడు ఇస్త్రీ చేస్తే తక్కువ వేడికే ముడతలు పోతాయి. మాసిన చొక్కాను ఉతకకుండా ఇస్త్రీ చేయకూడదు.

మరమ్మత్తు, భద్రపరచుట

ఊడబోతున్న గుండీని, విడిపోతున్న కుట్టును ఉతకడానికి ముందే కుట్టాలి. ఉతుకులో చిన్న చిరుగు పెద్దదవుతుంది. కాలరు మడత వద్ద అరిగిన చొక్కాకు దర్జీ చేత కాలరు విప్పించి, తిరగేసి కుట్టిస్తే మరికొంత కాలం వాడుకోవచ్చు. పూర్తిగా ఆరిన చొక్కాలనే పెట్టెలో ఉంచాలి. రెండు మూడు చొక్కాలను మార్చి మార్చి ధరించేవారికి ఒక్కొక్క చొక్కా మీద పడే ఉతుకుల సంఖ్య తగ్గుతుంది.

వృత్తి, ప్రభుత్వ సహాయం

ఇంటి ఉతుకు, యంత్రాల వలన రజకులకు రేవు పని తగ్గి, ఇస్త్రీ దుకాణాలు ప్రధాన ఆధారమైనాయి. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుండి లాండ్రీలకు, దోభీఘాట్లకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు పథకాన్ని అమలులోనికి తెచ్చింది. బొగ్గుల పెట్టె నుండి విద్యుత్తు పెట్టెకు మారిన దుకాణాలలో నిప్పురవ్వల వలన చొక్కాలకు చిల్లులు పడే ప్రమాదం తొలగింది. ఇస్త్రీకి వేసేటప్పుడు చొక్కా నూలుదా, కలనేతదా అన్నది చెప్పడం వాడుకదారుని బాధ్యత. వేడిని ఎంత ఉంచాలో దానిని బట్టే నిర్ణయిస్తారు.