సైజులు కలవని ఎస్‌ఎస్‌డీలు.. ఒకే పూల్‌లో పెడితే చేతికొచ్చే చోటు ఎంత?

పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన 500 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి, ఆఫర్‌లో కొన్న 1 టీబీ ఒకటి, కొత్తగా తెచ్చిన 2 టీబీ మరొకటి. ఇంటి ఫొటోలు, వీడియోలు దాచుకునేందుకు హోమ్ సర్వర్ పెట్టుకునే చాలామంది దగ్గర ఇలాంటి కలగలుపు డ్రైవ్‌లే ఉంటాయి.

మూడూ కలిపితే 3.5 టీబీ. కానీ వాటిని ఒకే పెద్ద డ్రైవ్‌లా చూపించే స్టోరేజ్ పూల్‌గా మార్చాక చేతికొచ్చేది 500 జీబీ కావచ్చు, 1.5 టీబీ కావచ్చు, పూర్తిగా 3.5 టీబీ కూడా కావచ్చు. ఎంచుకున్న పద్ధతిని బట్టి ఈ లెక్క మారుతుంది. ఒక డ్రైవ్ పాడైన రోజున ఆ ఫొటోలు మిగులుతాయా లేదా అన్నదీ దాని మీదే ఆధారపడి ఉంటుంది.

జెడ్‌ఎఫ్‌ఎస్‌లో చిన్న డ్రైవ్‌దే లెక్క

సన్ మైక్రోసిస్టమ్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్‌ఎస్ 2005లో ఓపెన్ సోర్స్‌గా బయటికొచ్చింది. ఇది డ్రైవ్‌లను ‘వీడెవ్’ అనే గుంపులుగా చూస్తుంది. గుంపులో అన్నిటికంటే చిన్న డ్రైవ్ ఎంతో, మిగతావాటిలోనూ అంతే వాడుకుంటుంది.

మూడింటినీ మిర్రర్ చేస్తే ప్రతి ఫైలూ మూడు చోట్లా ఉంటుంది. చోటు మాత్రం 500 జీబీయే. ఒక డ్రైవ్ పోయినా తట్టుకునే రెయిడ్‌జెడ్1 పద్ధతిలో సుమారు 1 టీబీ వస్తుంది. అప్పుడు 2 టీబీ డ్రైవ్‌లో 1.5 టీబీ వృథాగా పడి ఉంటుంది.

ఏ రక్షణా లేకుండా ఒక్కో డ్రైవ్‌ను ఒక్కో గుంపుగా చేర్చితే 3.5 టీబీ అంతా దొరుకుతుంది. కానీ ఒక్క డ్రైవ్ పాడైతే పూల్ మొత్తం పోతుంది. అంటే పాత 500 జీబీ డ్రైవ్ ఆగిపోతే కొత్త 2 టీబీలో ఉన్నవీ దక్కవు.

సైజులు జతలుగా ఉంటే సమస్య తీరుతుంది. రెండు 500 జీబీలను ఒక మిర్రర్‌గా, రెండు 1 టీబీలను మరో మిర్రర్‌గా పెడితే 1.5 టీబీ వస్తుంది. సైజు తేడా వల్ల ఏ డ్రైవ్‌లోనూ చోటు వృథా కాదు.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఎందుకు వేరు?

లినక్స్‌లో ఉండే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రెయిడ్1 పద్ధతిలో ప్రతి డేటా ముక్కకూ రెండు కాపీలు ఉంటాయి. అవి ఏవైనా రెండు వేర్వేరు డ్రైవ్‌లలో ఉంటే చాలు, సైజులు సమానంగా ఉండనక్కర్లేదు.

లెక్క తేలికే. మొత్తంలో సగం ఒకటి, అన్నిటికంటే పెద్ద డ్రైవ్‌ను తీసేస్తే మిగిలేది మరొకటి. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే వాడుకోగల చోటు. పై మూడు డ్రైవ్‌లకు సగం 1.75 టీబీ, మిగిలేది 1.5 టీబీ. కాబట్టి దొరికేది 1.5 టీబీ. మరో 1 టీబీ డ్రైవ్ చేర్చితే అది 2.25 టీబీ అవుతుంది. ఇదే ఫైల్ సిస్టమ్‌లోని రెయిడ్5, రెయిడ్6లను మాత్రం ముఖ్యమైన డేటాకు వాడొద్దని దాని డాక్యుమెంటేషనే చెబుతోంది.

స్నాప్‌రెయిడ్‌లో ఒక డ్రైవ్‌ను రక్షణ సమాచారానికి, అంటే ప్యారిటీకి కేటాయిస్తారు. అది మిగతా ఏ డ్రైవ్ కన్నా చిన్నది కాకూడదు. 2 టీబీని అలా వదిలేస్తే ఇక్కడా 1.5 టీబీయే మిగులుతుంది. అయితే చివరిసారి సింక్ చేశాక చేరిన ఫైళ్లకు రక్షణ ఉండదు.

కొనేముందు చూడాల్సినవి

ఒకే తరగతిగా కనిపించే డ్రైవ్‌లు 480, 500, 512 జీబీలుగా వస్తాయి. 500 జీబీల జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్‌లో ఒకటి పాడైతే, దాని స్థానంలో 480 జీబీ డ్రైవ్‌ను పూల్ తీసుకోదు. పెద్దదైతే తీసుకుంటుంది. ‘ఆటోఎక్స్‌పాండ్’ ఆన్ చేసి ఉంటే, ఆ గుంపులో చిన్న డ్రైవ్‌లన్నీ మార్చాక చోటు పెరుగుతుంది.

మిర్రర్‌లో ప్రతి డ్రైవ్ మీదా ఒకే మోతాదులో రాత పడుతుంది. ఒకే మోడల్‌లో చిన్న సైజు డ్రైవ్‌కు కంపెనీ హామీ ఇచ్చే రాత పరిమితి, అంటే టీబీడబ్ల్యూ, సాధారణంగా తక్కువ. అందుకే ఆ పరిమితికి ముందుగా చేరేది చిన్న డ్రైవే.

పూల్ కాపాడేది డ్రైవ్ పాడైనప్పుడే. పొరపాటున తొలగించిన ఫోల్డర్ మిర్రర్‌లోని అన్ని డ్రైవ్‌లలోనూ ఒకేసారి పోతుంది. రెండో కాపీ ఈ సర్వర్ బయట, మరో చోట ఉండాల్సిందే.