పాత పాటల పెట్టెలు

కొద్ది మాసముల క్రిందట మానుకోట నుండి ఒక శ్రోత మాకు ఉత్తరం వ్రాసినారు. మానుకోట అనగా నేటి మహబూబాబాదు. పెద్దవారి నోట నేటికీ ఆ పాత పేరే పలుకుతున్నది. ఆయన విశ్రాంత ఉపాధ్యాయులు. వారి ఇంట ఒక మ్యూజిక్ సర్వరు ఉన్నది. పాటలన్నిటినీ హార్డ్ డిస్కులో దాచుకొని, అడిగిన పాటను అడిగిన గదిలో వినిపించే పెట్టె అది. కొని పదమూడేండ్లయినది. తయారుచేసిన కంపెనీ ఆ సరుకును ఏనాడో మానివేసినది. ఒకనాటి ఉదయం మీట నొక్కితే దీపం వెలగలేదు. జనగామలో ఒక దుకాణంలోను, భూపాలపల్లిలో కుమార్తె ఇంటికి వెళ్ళినప్పుడు మరొక దుకాణంలోను చూపించినారట. రెండు చోట్లా ఒకటే మాట: "పారేసి కొత్తది కొనుక్కోండి, సార్."

సినిమా పాటలే అయితే తామూ అట్లే చేసి ఉండేవారమని ఆయన వ్రాసినారు. కాని ఆ పెట్టెలో వారి నాయనగారు ఊరి బీరప్ప పండుగలో నాలుగు రాత్రులు కూర్చుండి క్యాసెట్ల కెక్కించిన ఒగ్గుకథ ఉన్నది. చెప్పిన కళాకారులు లేరు, నాయనగారు లేరు. క్యాసెట్లకు బూజు పట్టగా, పాట పెట్టెలోకి చేరినదిగదా అన్న ధైర్యంతో వాటిని పారవేసినారు. "మీరు రేడియోవారు, ఏదైనా ఉపాయం చెప్పండి" అని ఉత్తరం ముగించినారు.

ఆ ఉత్తరం చేతబట్టుకొని మేము కొంత వెనుకకు చూడవలసి వచ్చినది. ఇంటి సంగీతపు యంత్రం అనాథ కావడం ఇదే మొదటిసారి కాదు.

మన దేశంలో గ్రామఫోను ధ్వనిముద్రణ 1902లో కలకత్తాలో ఆరంభమైనది. గౌహర్ జాన్ గానం ఆ తొలి రికార్డులలోనిదే. 1908 నాటికి ఆ నగరంలోనే రికార్డుల కర్మాగారమే వెలసినది. ఆ నల్లని పళ్ళెములలో ముఖ్యమైన పదార్థం లక్క. మోదుగ వంటి చెట్లనాశ్రయించి బ్రతికే చిన్న పురుగు విడిచే జిగురు అది. మోదుగ మన అడవులకు కొత్తది కాదు. మానుకోట ప్రాంతపు చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్యులవారు తమ నవలకు 'మోదుగుపూలు' అని పేరు పెట్టుకొన్నారు.

గ్రామఫోనులో దాపరికం లేదు. మూత ఎత్తితే స్ప్రింగు, పళ్ళచక్రములు, వేగమును అదుపుచేసే గుండ్లు కంటికి కనబడతవి. స్ప్రింగు తెగితే గడియారాలు బాగుచేసే మనిషికి అది అర్థమయ్యే వ్యాధియే. జనగామ పక్కనే పెంబర్తి ఉన్నది. ఇత్తడి రేకును సుత్తితో దేవతామూర్తిగా మలచే లోహకారులున్న సీమలో గ్రామఫోను కొమ్ముకు సొట్ట పడితే ఎవరు దిగులుపడతారు? తయారీదారు ఎక్కడో ఉన్నా వైద్యుడు ఊరిలోనే ఉండేవాడు.

అయితే ఆ యంత్రానికొక పరిమితి ఉన్నది. పది అంగుళాల రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషములే పాడుతుంది. ఒగ్గుకథకు మూడు నిమిషములు దేనికి చాలును? డోలు మీద మొదటి దెబ్బలు పడి, తాళాలు కలిసేసరికే రికార్డు అయిపోతుంది. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ రాత్రులకు రాత్రులు నడిచేవి. జనగామ ప్రాంతపు మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్యగారు ఈ కళను పల్లె ముంగిట నుండి దేశపు వేదికల దాకా నడిపించినారు. వారికి 2004లో సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించినది. 2017లో కాలధర్మం చెందినారు. అటువంటి రాత్రి నిడివి కథ పట్టే పళ్ళెం గ్రామఫోను యుగంలో పుట్టనే లేదు.

పిదప రేడియో వచ్చినది. హైదరాబాదు సంస్థానంలో 1935 నుండి దక్కన్ రేడియో పలికినది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసినది. ఓరుగల్లుకు సొంత కేంద్రం వచ్చేసరికి 1990 అయినది. కరెంటు లేని పల్లెలలో వాల్వు రేడియోకు తొంబది వోల్టుల డ్రై బ్యాటరీ కావలసి ఉండేది. అది నీరసిస్తే పాట కూడ నీరసించేది. వాల్వు ఒకనాడు చచ్చిపోతుందని తయారీదారునికి ముందే తెలుసును. అందుచేత దానిని చేతితో ఊడదీసి వేరొకటి గుచ్చే విధంగా అమర్చినాడు, లోపలి తీగల పటమును అచ్చువేసి మెకానిక్కుల కిచ్చినాడు. ఇప్పటికీ కండెన్సర్లు మార్చి, వాల్వు సంపాదించి, అర్ధశతాబ్దం దాటిన సెట్టును పలికించేవారున్నారు. వారిని చూస్తే మాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

1963లో ఫిలిప్స్ వారు తెచ్చిన క్యాసెట్టు అసలు మార్పు. సామాన్యుడు తన ఊరి గొంతును తానే దాచుకొనే వీలు దానితో కలిగినది. సంస్థలు ముద్రించని పాట, మార్కెట్టు అడగని కథ క్యాసెట్టులోకి వచ్చినవి. మానుకోట పెట్టెలోని నిధి అటువంటిదే.

ఇక హార్డ్ డిస్కు. 1956లో ఐ.బి.ఎమ్. వారు చేసిన మొదటి దానిలో రెండడుగుల వెడల్పుగల పళ్ళెములు ఏబది ఉండేవి. అయినా నేటి సి.డి. నాణ్యతతో అర నిమిషపు పాటయైనా అందులో పట్టదు. అర శతాబ్దంలో అది అరచేతి కెదిగి (కుదించుకొని అనాలి గాని, మాకు ఎదిగినట్లే తోచుచున్నది) ఇంటి సంగీతమంతటినీ మింగగలిగినది. 2001లో అమెరికాలో స్లిమ్ డివైసెస్ అనే చిన్న సంస్థ, కంప్యూటరులోని పాటలను ఇంటి స్పీకర్లకు అందించే పెట్టెను అమ్మజూపినది. 2006లో లాజిటెక్ ఆ సంస్థను కొన్నది. స్క్వీజ్‌బాక్స్ అనే పేరుతో వచ్చిన ఆ పెట్టెల ఉత్పత్తి 2012లో ఆగినది; వాటికి తోడుగా నడచిన ఇంటర్నెట్ సేవను 2024లో మూసివేసినారు. అయినా ఆ పెట్టెలు పాడుతూనే ఉన్నవి. సర్వరు ప్రోగ్రాము మూలమును మొదటి నుండి అందరికీ తెరచి ఉంచడమే కారణం. ఔత్సాహికులు దానిని పోషించుకొంటూ, 2024లో లిరియన్ అని కొత్త పేరు కూడ పెట్టినారు. వాల్వు రేడియో తీగల పటం చేసిన మేలే ఇది.

మానుకోట పెట్టెకు ఆ భాగ్యం లేదు. దాని ప్రోగ్రాము మూసిన తలుపు. కొత్త కంప్యూటర్లు భద్రత కొరకు విడిచిపెట్టిన పాత భాషలోనే అది మాట్లాడుతుంది. ఇంతకూ దాని వ్యాధి చిన్నదే. మా ఇంజనీరు మిత్రులొకరు విప్పి చూడగా, కరెంటు భాగంలోని రెండు కండెన్సర్ల తలలు ఉబ్బి ఉన్నవి. లోపలి ద్రవం ఎండిపోయినది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ వస్తువు ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్లు లెక్క కడతారు. నలుబది అయిదు డిగ్రీల ఎండలు కాసే మన ప్రాంతంలో, గాలి ఆడని అలమరలో పదమూడేండ్లు నిలచినదే గొప్ప.

కండెన్సర్లు మార్చక ముందే డిస్కు ఊడదీయండని మేము పట్టుబట్టినాము. మొదట నకలు, తరువాత మరమ్మతు. వాడుక కంప్యూటరుకు తగిలించగానే అది డిస్కును గుర్తించలేదు, "ఫార్మాట్ చేయమంటారా?" అని తెరమీద అడిగినది. ఔనంటే మళ్ళీ కొత్తగా గీతలు గీసుకొని, నాలుగు రాత్రుల ఒగ్గుకథను చేజేతులా పారవేసుకొన్నట్లే. ఇటువంటి పెట్టెలు చాలావరకు లినక్సు పద్ధతిలో వ్రాసుకొంటవి. విండోసుకు ఆ లిపి రాదు. చదువరాని పుస్తకమును తెల్లకాగితమనుకొనే పాఠకుని వలె అడిగినదన్నమాట. వద్దని చెప్పి, లినక్సుగల కంప్యూటరుకు తగిలించినాము. ఫైళ్ళు వరుసగా కనబడినవి.

నకలు తీయడానికి ఒక రాత్రి పట్టినది. మొదటి మూడు రాత్రుల కథ చెక్కుచెదరకుండా వచ్చినది. నాల్గవ రాత్రిలో డిస్కు కొన్ని చోట్ల చెడినందున సుమారు ఇరువది నిమిషములు పోయినవి. కండెన్సర్లు మార్చిన పిదప పెట్టె కూడ వెలిగినది. ఆ ఉపాధ్యాయులు నకళ్ళు మూడు చేయించినారు: ఒకటి మానుకోటలో తమ దగ్గర, ఒకటి భూపాలపల్లి కుమార్తె దగ్గర, ఒకటి జనగామలో తమ్ముని ఇంట. పోయిన ఇరువది నిమిషముల కథ ఏమిటో తమకు గుర్తున్నంతవరకు కాగితం మీద వ్రాసి పెడుతున్నామని మొన్నటి ఉత్తరంలో తెలియజేసినారు.