కుటుంబ ప్రార్థన: ఒంగోలు పల్లెల నుంచి అబూధాబి దాకా

కుటుంబ ప్రార్థన తెలుగు క్రైస్తవుల ఇళ్లలో రోజూ జరిగే చిన్న ఆరాధన. రాత్రి భోజనానికి ముందో తరవాతో ఇంటిల్లిపాదీ చాప మీద కూర్చుంటారు. ఒక కీర్తన పాడి, బైబిలులో ఒక అధ్యాయాన్ని వంతులవారీగా చదువుతారు. పిల్లలు కంఠత వాక్యం అప్పజెబుతారు. తండ్రో తల్లో ప్రార్థన చేసి ముగిస్తారు. యేసును వెంబడించడమంటే ఏమిటో పిల్లలు మొదట నేర్చుకునేది ఆ చాప మీదే, చర్చి తరవాతి మాట. అబూధాబి నగర శివారులోని మహమ్మద్ బిన్ జాయెద్ సిటీకి కాపురాలు మార్చిన తెలుగు కుటుంబాలు కూడా ఈ ఆచారాన్ని వెంట తీసుకెళ్లాయి.

దీని మూలం చాలా పాతది. దేవుని మాటలు ఇంట్లో కూర్చున్నప్పుడూ దారిన నడిచేటప్పుడూ కొడుకులకు నేర్పాలని ద్వితీయోపదేశకాండం ఆజ్ఞాపిస్తుంది. తిమోతికి విశ్వాసం అమ్మమ్మ లోయి నుంచి, తల్లి యునీకే నుంచి వచ్చిందని పౌలు రాశాడు. 1529లో మార్టిన్ లూథర్ చిన్న ప్రశ్నోత్తరిని ఇంటి యజమాని తన ఇంటివారికి నేర్పేందుకే రాశాడు. 1647లో స్కాట్లాండ్ సంఘం కుటుంబ ఆరాధనకు ప్రత్యేకంగా నియమావళి వెలువరించింది. వీటన్నిటి వెనకా ఒక నమ్మకం ఉంది: పెద్దలు చదువుతారు, పిల్లలు వింటారు.

తెలుగు దేశానికి వచ్చిన మిషనరీలు ఈ నమ్మకాన్నే మోసుకొచ్చారు. 1805లో విశాఖపట్నం చేరిన క్రాన్, డెగ్రాంజ్‌లు ఆనందరాయరు సాయంతో సువార్తలను తెలుగులోకి మార్చే పనిలో పడ్డారు. మిషనరీ ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. సంపూర్ణ బైబిలు 1850లలో గాని చేతికి రాలేదు. ఈలోగా నెల్లూరుకు అమెరికన్ బాప్టిస్టులు, మచిలీపట్నానికి ఆంగ్లికన్లు, గుంటూరుకు లూథరన్లు వచ్చి స్థిరపడ్డారు. పుస్తకమైతే దొరికింది గాని, దాన్ని చదవగల పెద్దలే కరువయ్యారు. పెద్ద సంఖ్యలో క్రైస్తవులైనవాళ్లు మాదిగలు, మాలలు. తరతరాలుగా వాళ్లను అక్షరానికి దూరంగా ఉంచిన సమాజమది.

ఒంగోలు చరిత్రలో ఈ ఇబ్బంది స్పష్టంగా కనిపిస్తుంది. 1866లో అక్కడ పని మొదలుపెట్టిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్‌కు ముందుదారి చూపినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. తోలుపని చేసే మాదిగ కుటుంబంలో పుట్టి, అంతకుముందే రాజయోగ సాధనలో పేరు తెచ్చుకున్నవాడు. ఆయన ఊరూరా తిరిగి బోధించాడు, భార్య నాగమ్మ స్త్రీలకు చెప్పింది. ఆ ప్రాంతాన్ని పీడించిన కరువు చల్లబడ్డాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చరిత్ర పుస్తకాలు సాధారణంగా ఈ అంకె దగ్గర ఆగి ఆశ్చర్యపోతాయి. అసలు కష్టం మర్నాటి నుంచి మొదలైంది. అన్ని పల్లెలకు కాపరులు లేరు. ఉన్న కొద్దిమంది ఉపదేశులు ఎప్పుడో ఒకసారి వచ్చి వెళ్లేవాళ్లు. మిగతా రోజుల్లో విశ్వాసం నిలబడాలంటే ఇల్లే దిక్కు.

ఆ లోటు తీర్చింది మిషను బడికి వెళ్లే పిల్లలు. పగలు బడిలో అక్షరాలు దిద్దిన పిల్లవాడు రాత్రి బుడ్డి దీపం దగ్గర సువార్త చదివితే, పొలం నుంచి వచ్చిన తల్లిదండ్రులు వినేవారు. లూథర్ ఊహించిన క్రమం తలకిందులైంది. చదువురాని పెద్దలు పరలోక ప్రార్థననూ పది ఆజ్ఞలనూ విని విని కంఠస్థం చేశారు. వాళ్లు పిల్లలకిచ్చింది మరొకటి: మొక్కుబడులు మానడం, సారా మానడం, ఆదివారం పని మానడం. చదువు పిల్లల వంతు, నడత పెద్దల వంతు. ఈ ఆచారం అంత త్వరగా వేళ్లూనడానికి ఈ పంపకమే ప్రధాన కారణం అనుకోవచ్చు.

పాట దానికి తోడైంది. రాత్రి భజనలూ కథలూ వినడం తెలుగు పల్లెకు కొత్త కాదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కర్ణాటక రాగాల్లో కట్టిన కీర్తనలు అలవాటైన చెవికి సులభంగా ఎక్కాయి. వేదాంతంలో సగం ఆ చరణాల ద్వారానే ఇళ్లకు చేరింది.

1912లో దోర్నకల్ బిషపు అయిన వి. ఎస్. అజరయ్య కాలానికి పల్లె ఉపాధ్యాయుడు నడిపే సాయంకాల ప్రార్థన స్థిరపడింది. తరవాత సండే స్కూలు బలపడేకొద్దీ కుటుంబ ప్రార్థన కొన్ని ఇళ్లలో సడలిందన్నదీ నిజమే. నేర్పే బాధ్యత టీచరుదని తల్లిదండ్రులు ఊరుకున్నారు. 1950లో హైదరాబాదులో హెబ్రోను స్థాపించిన బక్త్ సింగ్ సహవాసాలు రోజువారీ బైబిలు పఠనానికి మళ్లీ పెద్దపీట వేశాయి. ఇంటినే కేంద్రం చేసుకున్న మరో ధోరణి కడవరి దిన పరిశుద్ధుల సంఘానిది. వారంలో ఒక సాయంత్రం కుటుంబానికే కేటాయించాలని ఆ సంఘం 1915లోనే చెప్పింది. 2012లో వారి స్టేకు, అంటే స్థానిక సంఘాల సముదాయం, హైదరాబాదులో ఏర్పడింది. 2019లో ఆదివారపు కూటాలను రెండు గంటలకు కుదించి, లేఖన పాఠాన్ని ప్రధానంగా ఇంటికే అప్పగించారు.

గల్ఫ్‌కు వచ్చేసరికి పరిస్థితి వేరు. ముసఫ్ఫా పారిశ్రామిక వాడను ఆనుకుని ఉన్న మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో భారతీయ కుటుంబాలు ఎక్కువ. ముసఫ్ఫాలో చర్చిలున్నాయి, సెయింట్ పాల్ కథోలిక చర్చి 2015లో ప్రారంభమైంది. అయితే సామూహిక ఆరాధనకు అనుమతి పొందిన స్థలాలే ఆధారం కావడంతో, ఒకే ప్రాంగణాన్ని అనేక భాషల సంఘాలు వేళలు పంచుకుని వాడుకుంటాయి. 2022 జనవరిలో వారాంతపు సెలవు శని, ఆదివారాలకు మారేదాకా అక్కడి సండే స్కూలు సాధారణంగా శుక్రవారం నడిచేది. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఆరాధనాస్థలాలు మూతపడ్డప్పుడు ఇల్లే పూర్తిగా చర్చి అయింది.

పిల్లల చదువు మరో మలుపు. అక్కడి ప్రైవేటు బడుల్లో అరబీ తప్పనిసరి, పాఠాలు ఆంగ్లంలో. తెలుగు లిపి నేర్పేవారు అరుదు. పాత అనువాదపు గ్రాంథిక భాష ఆంధ్ర, తెలంగాణల్లో పెరిగే పిల్లలకే కష్టం, గల్ఫ్‌లో పెరిగేవాళ్లకు మరీ కష్టం. అందుకే తల్లి తెలుగు బైబిలులో చదివిన వచనాన్నే పిల్లలు ఆంగ్లంలో చదవడం, కీర్తనను ఆంగ్ల లిపిలో రాసుకుని పాడడం మామూలయ్యాయి. ఒకనాటి పల్లెలో పెద్దలకు చదువురాక పిల్లలు చదివారు. అబూధాబిలో పెద్దలు చదివితే గాని పిల్లలకు తెలుగు వాక్యం అందదు. కొన్ని ఇళ్లలో అక్షరాలు దిద్దించే పాఠ్యపుస్తకం కూడా బైబిలే.

కుటుంబాన్ని వెంట తెచ్చుకోగలిగినవాళ్ల సంగతి ఇది. 2019 నిబంధనల ప్రకారం కుటుంబ వీసాకు నెలకు 4,000 దిర్హాములు, లేదా వసతితో పాటు 3,000 దిర్హాముల జీతం ఉండాలి. ముసఫ్ఫా క్యాంపుల్లో ఉండే కూలీలలో చాలామందికి అంత రాదు. అక్కడి ఇళ్లలో పనికి వెళ్లిన గోదావరి జిల్లాల, కడప జిల్లా స్త్రీల పిల్లలు ఊళ్లో అమ్మమ్మల దగ్గర పెరుగుతారు. అబూధాబిలో వాట్సాప్ కాల్ పనిచెయ్యదు గనుక, వీళ్ల కుటుంబ ప్రార్థన బోటిమ్ అనే యాప్‌లో జరుగుతుంది: అబూధాబి కాలం కన్నా గంటన్నర ముందున్న ఊళ్లో పిల్లలు నిద్రపోకముందే వాక్యం అప్పజెప్పాలి, తల్లి పని మధ్యలో విని ప్రార్థన చెయ్యాలి.