బాద్షా తూకం వేయించిన మెరుపు ఇనుము



2025 ఫిబ్రవరిలో మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులోకి ఒక ఆడియో వచ్చింది. 2032 డిసెంబర్ 22న ఆస్మాన్ నుంచి పెద్ద రాయి పడబోతోందనీ, అది మన దేశం మీదే పడుతుందనీ, ఖయామత్ దగ్గరికొచ్చిందనీ ఎవరో బరువైన గొంతుతో చెప్తున్నారు. మా ఖాలా ఆ రాత్రి నిద్రపోలేదు. ఫజర్ కాగానే ఫోన్ చేసి, "ఇది నిజమేనా బేటా? పిల్లలు అడుగుతున్నారు, ఏం చెప్పమంటావ్?" అంది.

ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ధైర్యం ఇచ్చాను. పూర్తి జవాబు మాత్రం తారీఖ్‌లో ఉంది. ఆస్మాన్ నుంచి రాళ్ళు పడటం కొత్త సంగతి కాదు. పడినప్పుడు మనవాళ్ళు ఏం చేశారన్నదే తెలుసుకోవాల్సిన సంగతి.

1621 ఏప్రిల్ 10. మొఘల్ తఖ్త్ మీద జహంగీర్ బాద్షా ఉన్నాడు. పంజాబ్‌లోని జలంధర్ పరగణాలో ఒక పల్లె మీద తెల్లవారుతుండగా తూర్పు నుంచి భయంకరమైన చప్పుడు వచ్చింది. ఆ వెంటనే పైనుంచి ఒక వెలుగు కిందికి దిగింది. నిప్పుల వాన కురుస్తోందని జనం వణికిపోయారు. కాసేపటికి తేరుకుని, పరగణా ఆమిల్ ముహమ్మద్ సయీద్‌కు ఖబర్ పంపారు. ఆమిల్ అంటే శిస్తు వసూలు చూసే సర్కారీ అధికారి.

ఆయన గుర్రమెక్కి స్వయంగా వచ్చాడు. పది పన్నెండు గజాల మేర నేల మాడిపోయి ఉంది, గడ్డిపోచ కూడా మిగల్లేదు. తవ్వమన్నాడు. తవ్వేకొద్దీ వేడి పెరిగింది. చివరికి అప్పుడే కొలిమి నుంచి తీసినట్టు కాలుతున్న ఇనుప ముద్ద బయటపడింది. చల్లారాక దాన్ని సంచిలో పెట్టి, మొహర్ వేసి దర్బారుకు పంపాడు.

జహంగీర్ దాన్ని తన ఎదుటే తూకం వేయించాడు. 160 తులాలు, అంటే సుమారు రెండు కిలోలు. తర్వాత ఉస్తాద్ దావూద్ అనే కత్తుల కారీగర్‌ను పిలిచి, దీంతో కత్తులు చేయమని హుకుం ఇచ్చాడు. ఇది సుత్తి దెబ్బకు నిలవడం లేదు, పగిలిపోతోంది అన్నాడు ఉస్తాద్. అయితే మామూలు ఇనుము కలపమన్నాడు బాద్షా. మూడు పాళ్ళు ఆస్మాన్ ఇనుము, ఒక పాలు నేల ఇనుము కలిపి రెండు తల్వార్లు, ఒక ఖంజర్, ఒక చాకు చేశాడు. ఆ చాకు ఇప్పుడు అమెరికాలో, వాషింగ్టన్‌లోని ఫ్రియర్ గ్యాలరీలో ఉంది.

ఈ మొత్తం కిస్సాను జహంగీర్ తన తుజుక్‌లో రాసుకున్నాడు. అయితే దానికి ఆయన పెట్టుకున్న పేరు మెరుపు ఇనుము. మెరుపుతో పాటు పడిందనుకున్నాడు. ఆ అంచనా తప్పు. కానీ ఆ కాలంలో యూరప్ ఆలిములకు కూడా అసలు సంగతి తెలియదు. జర్మనీకి చెందిన క్లాద్నీ, ఈ రాళ్ళు భూమి బయటి నుంచి వస్తాయని 1794లో పుస్తకం రాస్తే చాలామంది నవ్వారు. 1803లో ఫ్రాన్స్‌లోని లేగ్ల్ ఊరి దగ్గర వేల రాళ్ళు కురిసి, బియో అనే సైంటిస్టు వెళ్ళి తహకీక్ చేశాకే నమ్మకం కుదిరింది.

బాద్షా అంచనా తప్పయినా ఆయన రాయించిన తేదీ, స్థలం, బరువు మిగిలాయి. అందుకే నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ ఖబర్ మనకు పనికొస్తోంది. భయపడిన పల్లెవాళ్ళు అధికారికి చెప్పారు. అధికారి తవ్వించాడు. బాద్షా తూకం వేయించాడు. ఎవరూ ఆడియో చేసి పంచలేదు!

ఇంకో కిస్సా అరబ్ దేశానిది. రుబ్ అల్ ఖాలీ ఎడారిలో వబార్ అనే షహెర్ ఉండేదనీ, దాని పాలకుడి పాపాలకు ఆస్మాన్ నుంచి నిప్పు కురిసి నాశనమైందనీ బదూల నోట ఒక కథ. 1932లో ఫిల్బీ అనే ఇంగ్లీషు యాత్రికుడు, అప్పటికే ఇస్లాం స్వీకరించినవాడు, దాన్ని వెతుక్కుంటూ ఒంటెల మీద వెళ్ళాడు. అక్కడ గోడలూ లేవు, బురుజులూ లేవు. గుండ్రటి గుంటలు, కరిగి నల్లటి గాజులా మారిన ఇసుక, ఇనుప ముక్కలు ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద గుంట వెడల్పు 116 మీటర్లు. పడింది షహెర్ మీద కాదు, ఖాళీ ఇసుక మీద. నిప్పు కురవడం నిజమే, మిగతాది జనం అల్లుకున్న కథ. మన అఫ్వాలు కూడా ఇలాంటివే. లోపల ఎక్కడో గింజంత నిజం ఉంటుంది, దాని చుట్టూ బండెడు భయం.

మరి ముందే తెలుసుకునే మార్గం లేదా? ఉంది. 2008 అక్టోబర్ 6న అమెరికాలోని అరిజోనాలో ఒక అబ్జర్వేటరీ సుమారు నాలుగు మీటర్ల గ్రహశకలాన్ని పట్టుకుంది. ఇంకో 19 గంటల్లో అది సూడాన్ మీద పడుతుందని లెక్క తేలింది. లెక్క తప్పలేదు. అక్టోబర్ 7న ఫజర్ వేళ నూబియన్ ఎడారి మీద, 37 కిలోమీటర్ల ఎత్తున పేలిపోయింది. ఒక రాయి భూమి మీదికి రాకముందే మనిషి కనిపెట్టడం దునియా తారీఖ్‌లో అదే మొదటిసారి.

డిసెంబర్‌లో ఖర్తూమ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మువావియా షద్దాద్ తన షాగిర్దులను వెంటబెట్టుకుని, పీటర్ జెనిస్కెన్స్ అనే సైంటిస్టుతో కలిసి ఆ ఎడారికి వెళ్ళాడు. ఆడపిల్లలూ మగపిల్లలూ వరసగా నిలబడి, ఇసుకను కళ్ళతో దువ్వుతూ నడిచారు. నల్లటి ముక్కలు దొరికాయి. తర్వాత కూడా వెళ్ళి వెతికి వందల ముక్కలు పోగుచేశారు. దగ్గర్లో ఉన్న రైల్వే స్టేషన్ పేరే వాటికి పెట్టారు: అల్‌మహట్టా సిత్తా, అంటే ఆరో నంబర్ స్టేషన్. ఇవాళ దునియాలో ఏ లేబరేటరీకి వెళ్ళినా ఆ అరబ్బీ పేరే వాడతారు.

కానీ ప్రతిసారీ ఖబర్ ముందే అందదు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద సుమారు 20 మీటర్ల రాయి పేలింది. సూర్యుడి దిక్కు నుంచి వచ్చింది కాబట్టి ఏ దూరదర్శినికీ చిక్కలేదు. విచిత్రమేమిటంటే అదే రోజు వేరే గ్రహశకలం ఒకటి భూమికి 27,700 కిలోమీటర్ల దూరంలో పోతుందని ముందే తెలిసి, సైంటిస్టులంతా దానికోసం కాచుకుని ఉన్నారు. తెలిసిన మెహమాన్ కోసం ఎదురుచూస్తుంటే తెలియనివాడు తలుపు తట్టినట్టయింది.

ఆ రోజు సుమారు 1,500 మంది గాయపడ్డారు. ఎక్కువమందికి దెబ్బలు రాయి వల్ల కాదు, కిటికీ అద్దాల వల్ల. కళ్ళు చెదిరే వెలుగు చూసి, ఏమిటా అని కిటికీల దగ్గరికి పరిగెత్తారు. పేలుడు గాలి రావడానికి నిమిషానికి పైగా పట్టింది. అది రాగానే అద్దాలు పగిలి ముఖాల మీద పడ్డాయి. ఒక టీచరమ్మ మాత్రం వెలుగు చూడగానే తన క్లాసులోని 44 మంది పిల్లల్ని బల్లల కింద దూరమంది. ఆమెకు గాయాలయ్యాయి, పిల్లల్లో ఒక్కరికీ ఏమీ కాలేదు. మన పిల్లలకు నేర్పాల్సిన మాట ఇది: ఆస్మాన్‌లో వింత వెలుగు కనిపిస్తే కిటికీ దగ్గరికి పోవద్దు, దూరంగా జరిగి తల దాచుకోవాలి.

ఇప్పుడు ఖాలాను భయపెట్టిన రాయి సంగతికి వద్దాం. దాని పేరు 2024 వైఆర్4. 2024 డిసెంబర్ 27న కనిపెట్టారు. సైజు సుమారు 60 మీటర్లు, ఒక షహెర్‌ను దెబ్బతీయగలదు. పడే అవకాశం ఉన్న దారి పసిఫిక్ నుంచి ఆఫ్రికా, అరేబియా సముద్రం మీదుగా మన దక్షిణాసియా దాకా గీశారు. అంటే ఆడియోలో గింజంత నిజం ఉంది. ఫిబ్రవరి 18న ఆ అవకాశం 3.1 శాతానికి చేరింది. వారం తిరక్కముందే దాదాపు సున్నాకు పడిపోయింది.

"చూశారా, ముందు భయపెట్టారు, తర్వాత మాట మార్చారు" అని కొందరన్నారు. కాదు, లెక్కే అలా నడుస్తుంది. ఇంట్లో అమ్మీ చెవి కమ్మ పోయిందనుకోండి. పది చోట్లలో ఎక్కడైనా ఉండొచ్చు. ఐదు చోట్ల వెతికితే దొరకలేదు. మిగిలిన ఐదింటిలో ఉండే అవకాశం పెరిగినట్టే కదా? ఆఖరికి అల్మారాలో దొరుకుతుంది. అంతే, మిగతా నాలుగు చోట్ల అవకాశం ఒక్కసారిగా సున్నా. రోజురోజుకూ దూరదర్శినులు చూసేకొద్దీ రాయి ఉండగల చోటు ఇరుకైంది. ఆ ఇరుకులో భూమి ఉన్నన్నాళ్ళూ శాతం పెరిగింది, భూమి బయటపడగానే కూలిపోయింది.

ఈ లెక్కలకు ఆధారం నక్షత్రాల స్థానాలు. ఏ రాయి కదులుతోందో తెలియాలంటే కదలని నక్షత్రాల నక్షా కావాలి. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ అలాంటి పనే చేసింది. ప్రపంచ దేశాలు ఆస్మాన్‌ను పంచుకుని నక్షా తయారుచేస్తుంటే, తన వంతు వచ్చిన భాగంలోని లక్షల నక్షత్రాలను బేగంపేటలో కూర్చుని కొలిచింది. ఆ కొలతల వారసులం మనం.

తప్పించే తద్బీర్ కూడా మొదలైంది. 2022 సెప్టెంబర్ 26న నాసా ఒక అంతరిక్ష నౌకను డైమార్ఫస్ అనే గ్రహశకలానికి కావాలని ఢీకొట్టించింది. అది తన పెద్ద జోడీ చుట్టూ తిరిగే సమయం అరగంటకు పైగా తగ్గింది. అంటే ముందే తెలిస్తే దారి మళ్ళించొచ్చు.

ఇంకో ఆడియో రాకముందే ఒక మాట చెప్పిపెడతాను. 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే 300 మీటర్లకు పైబడిన రాయి భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల దూరంలో పోతుంది. ఆ రోజు జుమా. అఫ్వాలు పంచేవాళ్ళకు అంతకంటే ఏం కావాలి? కానీ వచ్చే వందేళ్ళలో అది భూమిని తాకదని 2021లోనే లెక్క తేల్చారు. పైగా అది అతి దగ్గరికొచ్చేసరికి మన గడియారంలో శనివారం తెల్లవారుజాము మూడు దాటుతుంది. మగ్రిబ్‌తోనే రోజు మారే మన దీనీ లెక్కలోనైతే జుమా ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

ఖయామత్ వస్తుందన్నది మన ఈమాన్. ఎప్పుడన్నది అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలియదన్నది కూడా ఈమానే. ప్రవక్త (స) తన చిన్నారి కొడుకు ఇబ్రాహీం వఫాత్ అయిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ కోసమే పట్టిందని జనం అనుకుంటే, ఎవరి చావు పుట్టుకల కోసమూ గ్రహణాలు పట్టవని ఆయన సరిదిద్దారు. గుండె పగిలే ఆ దుఃఖంలో కూడా ఒక తప్పుడు మాటను నిలవనివ్వలేదు. చేతికందిన ఖబర్‌ను తహకీక్ చేయకుండా నమ్మొద్దని సూరె హుజురాత్ మనకు చెప్తూనే ఉంది.

ఖాలాకు చివరికి ఇదే చెప్పాను: దుఆ చెయ్, పిల్లలకు భయం బదులు జలంధర్ కిస్సా చెప్పు, ఆ ఆడియోను మాత్రం ఇంకెవరికీ పంపకు. జహంగీర్‌కు ఆ ఇనుము ఎక్కడిదో తెలియదు, అయినా ముందు తూకం వేయించాడు. మన చేతుల్లో తరాజు లేకపోవచ్చు. ఫార్వర్డ్ బటన్ నొక్కే ముందు ఆగే వేలు ఉంది కదా.

అల్లాహ్ మనకు నఫా ఇచ్చే ఇల్మ్ ప్రసాదించుగాక. ఆమీన్.